ఆపనా, ఆపాను

తెలుగులో అడగడానికీ చెప్పడానికీ మధ్య ఒక్క దీర్ఘమే తేడా అని, ఆ దీర్ఘం చోటు మారితే మనుషుల ప్రాణాల మీదికొస్తుందని నాకు యాభై దాటాక గానీ తెలియలేదు. నేర్పింది తెలుగు మాస్టారు కాదు. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ ఎండాకాలంలో, యానాంలో నేను పనిచేసే ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్లో, మూతికి రెండు మాస్కులు బిగించుకున్న మత్తు డాక్టరు గారు నేర్పారు. అది కూడా ఆయనకి తెలియకుండానే.

నేను థియేటర్ నర్సుని. పాతికేళ్ళకి పైబడిన సర్వీసు. నా నోరు ఎలాంటిదో ఆస్పత్రిలో అందరికీ తెలుసు. ట్రేలో కత్తెర ఉండాల్సిన చోట ఇంకోటి కనిపిస్తే పెద్ద డాక్టరని చూడను, చిన్న డాక్టరని చూడను. లోపల నేనున్నానని తెలిస్తే చేతులు ఇంకోసారి కడుక్కుని వచ్చేవాళ్ళున్నారు. దానికి నేనేమీ సిగ్గుపడను. కడుక్కున్న చేతులే కదా రోగికి కావాల్సింది.

ఆ రోజుల్లో మా దగ్గర వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో అగ్రహారం టైలరమ్మ ఒకావిడ. పదేళ్ళుగా నా జాకెట్లన్నీ ఆవిడ కుట్టినవే. చేతులు బిగుతుగా కుడుతోందని నేనూ, కొలతలు ఇచ్చాక నేనే లావవుతున్నానని ఆవిడా, వదినా అంటే వదినా అని పదేళ్ళూ పోట్లాడుకున్నాం. మొదటి లాక్‌డౌన్‌లో పాత చీరలు కత్తిరించి వీధి వీధంతటికీ మాస్కులు కుట్టి పంచిన మనిషి. ఇప్పుడు నోట్లో గొట్టంతో, ఎవరు పిలిచినా పలకకుండా, రెండు వారాలుగా అలా పడి ఉంది. ఐసీయూలోకి వెళ్ళినప్పుడల్లా నేను ముందు ఆవిడ చేతివేళ్ళ వంక చూసేదాన్ని. చూపుడువేలి మీద సూది పోట్ల గరుకు ఇంకా అలాగే ఉండేది.

నోట్లోంచి వేసిన గొట్టాన్ని అన్నాళ్ళు ఉంచకూడదు. అప్పటికే పెదాలు పుళ్ళు పడ్డాయి. మత్తు తగ్గిస్తే గొట్టం కొరికేస్తోంది, తగ్గించకపోతే తనంతట తాను ఊపిరి తీయడం మళ్ళీ అలవాటు కాదు. మెడ ముందు భాగంలో గాలిగొట్టానికి చిన్న కన్నం చేసి అక్కణ్ణించి పొట్టి గొట్టం వేస్తే, మెల్లగా మిషన్ మాన్పించొచ్చు. ట్రకియాస్టమీ అంటారు. ఆవిడకి మిగిలిన దారి అదొక్కటే. కాకినాడ పంపుదామంటే అక్కడా మంచాలు లేవు, పైగా మిషన్ మీదున్న మనిషిని అంబులెన్సులో కదిలించడం ఇంకో గండం.

ఆ ఆపరేషన్ నాకు కొత్తది కాదు. మామూలు రోజుల్లో గాలిగొట్టం తెరుచుకోగానే ఫుస్సుమని గాలి చప్పుడయ్యేది. ఆ చప్పుడు వింటే మాకు ప్రాణం లేచొచ్చేది, హమ్మయ్య, సరైన చోటే తెరిచాం అని. ఇప్పుడు జబ్బంతా ఆ ఫుస్సులోనే ఉంది. మిషన్ ఊదుతుండగా తెరిస్తే ఆవిడ ఊపిరితిత్తుల్లోని తుంపర వంగి చూస్తున్న మా ముఖాల మీదికే వస్తుంది.

అందుకని కొత్త పద్ధతి పెట్టారు. ముందు మిషన్ ఆపాలి. ఆవిడ ఛాతీ పూర్తిగా కదలకుండా అయ్యాక, అప్పుడు గాలిగొట్టం తెరవాలి. కొత్త గొట్టం వేసి, లోపల దాని బుడగని ఉబ్బించి సందు మూసి, మిషన్‌కి తగిలించి, అప్పుడు మళ్ళీ ఆన్ చేయాలి. ఈ మధ్యకాలమంతా ఆవిడకి ఊపిరి ఉండదు. తనది ఉండదు, మిషన్‌దీ ఉండదు. నిండా ఆక్సిజన్ పట్టించిన ఆరోగ్యవంతులైతే కొన్ని నిమిషాలు తట్టుకుంటారు. దెబ్బతిన్న ఆ ఊపిరితిత్తులతో ఆవిడ ఒక్క నిమిషం ఆగుతుందో లేదో మత్తు డాక్టరు గారు కూడా చెప్పలేకపోయారు. తొందరపడి కోస్తే మేం పోతాం, ఆలస్యం చేస్తే ఆవిడ పోతుంది.

చేయాల్సిన సర్జన్ మా ముక్కు, చెవి, గొంతు డాక్టరు గారు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, బీపీ ఉంది, షుగర్ ఉంది. వద్దు సార్, కుర్రవాళ్ళెవరినైనా పిలిపిద్దాం అంటే వినలేదు. "ఎక్కువసార్లు చేసిన చెయ్యే తొందరగా ముగిస్తుందమ్మా," అన్నారు. ఇక మత్తు డాక్టరు గారు కోనసీమ మనిషి. మెత్తనివారు. దేనికైనా "ఆయ్" అంటారు. గొంతు మాస్కు లేని రోజుల్లోనే పక్కవాళ్ళకి వినపడేది కాదు.

ముందు రోజు ఒకసారి రిహార్సల్ వేసుకుందాం అన్నాను నేను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? ఇలాంటివి బోలెడు చేశాం," అన్నారు సర్జన్ గారు నవ్వుతూ. "మీరు చేసినవన్నీ గాలి వస్తే సంతోషించే రోజుల్లో సార్. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అంటే నేను లోపలికి రాను," అన్నాను. నా మొహం చూసి ఆయన ఒప్పుకున్నారు.

దిండు మీద ప్లాస్టిక్ గొట్టం ముక్క పెట్టి, పైన తడి స్పాంజి కట్టి, అదే మెడ అనుకోమన్నాం. ఒక చివర వెంటిలేటర్, రెండో చివర రబ్బరు గ్లవ్. మిషన్ ఊదినప్పుడల్లా ఆ గ్లవ్ అయిదు వేళ్ళూ చాపి లేచి, మళ్ళీ వాలిపోయేది. ఎవరికీ చెప్పకుండా ఆ గొట్టంలో కొంచెం ఊదామందు పోశాను, చిన్నప్పుడు నోటిపూతకి రాసేవాళ్ళే, అది. తప్పు జరిగితే కంటికి కనపడాలి కదా అనుకున్నాను. జరుగుతుందని మాత్రం నేనూ అనుకోలేదు.

అందరం కిట్లు తొడుక్కున్నాం. మాస్కులు, కళ్ళద్దాలు, పైన ముఖానికి షీల్డు. జబ్బుగాలి గది గదికీ తిరుగుతుందని ఏసీ తీసేశారు. మే నెల ఎండ. వెన్ను మీంచి చెమట కాలవ కట్టి మేజోళ్ళలోకి దిగుతోంది. సర్జన్ గారు కత్తి పట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు. తలవైపు నుంచి మత్తు డాక్టరు గారు ఏదో అన్నారు. సర్జన్ గారు తలూపి కోశారు.

మిషన్ ఆగలేదు. ఊదామందు చిమ్మింది. సర్జన్ గారి షీల్డు మీద, నా గౌను మీద, పైన దీపం అద్దం మీద కూడా చుక్కలు. నా మోచేతి మీది ఊదా చుక్కల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాను. అవి నిజం చుక్కలైతే కంటికి కనపడవు కూడా.

"ఆపానన్నారు కదండీ!" అని అరిచారు సర్జన్ గారు.

"ఆయ్, ఆపనా అని అడిగానండి," అన్నారు మత్తు డాక్టరు గారు.

"అడిగారా? చెప్పారనుకున్నాను!"

అప్పుడే నా తల తిరిగిపోయింది. అక్కడే నిలబడి మాస్కుల లోపల రెండు మాటలూ అనుకుని చూశాను. ఆపనా. ఆపాను. మనం మాట్లాడేటప్పుడు చివరి ఉకారం ఎలాగూ మింగేస్తాం. ఇక మిగిలేది దీర్ఘం ఎక్కడ పడిందన్న ఒక్క తేడా. దాన్ని మాస్కు తినేస్తోంది. బయటికొచ్చేసరికి రెండూ "ఆపన" అయిపోతున్నాయి. పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న భాషలో ప్రశ్నంతా ఆ చివరి దీర్ఘం మీద నిలబడి ఉందని నాకు ఏనాడూ తట్టలేదు. భయం వేసింది. ఆ భయంలోనే, ఇంత చిన్నదాని మీద ఇన్నాళ్ళూ ఎన్ని పనులు నడిపాం అని ఆశ్చర్యం కూడా వేసింది.

సరే, ఇంగ్లీషులో చెప్పుకుందాం అన్నారు సర్జన్ గారు. స్టాప్, స్టాప్డ్. ఆ చివరి డ్ మనవాళ్ళు మాస్కు లేకపోయినా పలకరు. ఓకే అనుకుందాం అంటే, మా ఊళ్ళో ఓకే అంటే సరే, విన్నాను, నాకర్థం కాలేదు, ఇక నువ్వెళ్ళు, ఈ నాలుగూ. ఆయ్ సంగతి ఇంకా ఘోరం. ఆయ్ అంటే మీ మాట చెవిన పడిందని మర్యాదగా చెప్పడం, చేశానని కాదు. అది తేల్చుకోవడానికి మత్తు డాక్టరు గారిని మూడుసార్లు అడిగితే మూడుసార్లూ "ఆయ్" అన్నారు. చేత్తో సైగ చేద్దామంటే అద్దాలకి ఆవిరి పట్టేసి ఏమీ కనపడదు, పైగా సర్జన్ చూపు గాయం మీంచి లేవకూడదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్ద చదువులు చదివిన ఇద్దరూ, నోరున్న నేనూ, ఒక్క మాట ఇటునుంచి అటు చేర్చలేక నిలబడ్డాం.

నేల మీది ఊదా మరకలు తుడవడానికి కనకాలపేట నుంచి వచ్చే మా ఆయమ్మ వచ్చింది. నాకంటే పెద్దది. వాళ్ళింటి మగవాళ్ళు బోటు మీద సముద్రానికి వెళతారు. తుడుస్తూ తుడుస్తూ మా గొడవంతా వింది.

"బోటులో ఇంజను మోతకి నోటి మాట ఎవుడికి ఇనపడుద్ది సిస్టరమ్మా?" అంది తలెత్తకుండా. "వల లాగే ముందు ఇంజను ఆపాలి. ఇంజను కాడున్నోడు ఆపేసి, బల్ల మీద రెండు దెబ్బలేత్తాడు. వల కాడున్న మా ఇంటాయన మళ్ళీ రెండేత్తాడు. అప్పుడే వల మీద సెయ్యేసేది."

సర్జన్ గారు షీల్డు పైకెత్తారు. "ఇటునుంచి మళ్ళీ కొట్టడం దేనికి? విన్నాడు కదా?"

"ఇన్నట్టు ఇంజను కాడున్నోడికెలా తెలుత్తాదండి? తిరుగు దెబ్బ రాలేదంటే ఇనలేదనే లెక్క. ఇనే ఉంటాడులే అనుకోకూడదు. అలా అనుకున్నోళ్ళకి మా ఈదిలో సేతి ఏళ్ళు లేవండి."

ఆవిడ బకెట్టు తీసుకుని వెళ్ళబోతుంటే, సర్జన్ గారు "ఆయమ్మా, ఆగు, ఇంకోసారి చెప్పు," అన్నారు. ఆ చెప్పమనడంలో వేళాకోళం లేదు. ముప్ఫై ఏళ్ళు కత్తి పట్టిన మనిషి, చీపురు పట్టుకున్న ఆవిడ ముందు చేతులు కట్టుకుని వినడం నేను కళ్ళారా చూశాను. అంత పెద్దమనసు నాకుందా అని ఆ రోజు నన్ను నేను అడుక్కున్నాను, లేదనే తేలింది. పాతికేళ్ళుగా ఆ మనిషి నా పక్కనే తిరుగుతుంటే ఆవిడ తుడిచిన నేలని తప్ప ఆవిడని నేను చూడలేదు.

ఆ సాయంత్రం మళ్ళీ మళ్ళీ చేశాం. మిషన్ ఆపి, గొట్టానికి క్లాంపు పెట్టి, మత్తు డాక్టరు గారు సెలైన్ స్టాండు మీద కత్తెర పిడితో రెండు దెబ్బలు. సర్జన్ గారు ట్రే అంచు మీద రెండు దెబ్బలు. ఆ తరవాతే కత్తి. తిరిగి మొదలుపెట్టేటప్పుడూ అంతే, కాకపోతే ముందు ట్రే, తరవాత స్టాండు. అలవాటు కొద్దీ సర్జన్ గారు తిరుగు దెబ్బ కొట్టకుండానే రెండుసార్లు కోసేశారు. నేను అరిచాను. మూడోసారికి కుదిరింది. కుదిరాక కూడా నేను వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే టైలరమ్మని థియేటర్లోకి తెచ్చాం. లోపల మేం ముగ్గురమే, ఎంత తక్కువమందైతే అంత మంచిదని. ఆయమ్మ తలుపు బయట నిలబడింది. టైలరమ్మ మెడ కింద చిన్న దిండు పెట్టి తల వెనక్కి వాల్చాను. పోట్లాడేటప్పుడు ఉబ్బే ఆ మెడ నరాలు నాకు తెలిసినవే. ఇప్పుడు ఏ ఉబ్బూ లేదు.

చర్మం, కింద పొర, కింద కండరం. మామూలుగా రక్తం రాకుండా కరెంటుతో కాల్చే పరికరం వాడతాం. ఆ పొగా మంచిది కాదని అదీ దూరం పెట్టాం. సర్జన్ గారు ఒక్కో రక్తనాళాన్నీ దారంతో ముడివేసుకుంటూ దిగారు. కండరాలు రెండు పక్కలకీ తొలగేసరికి గాలిగొట్టం కనపడింది. తెల్లగా, తడిగా, ఒకదాని కింద ఒకటి ఉంగరాలు. ఎన్నిసార్లు చూశానో, చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. మనిషి పుట్టినప్పటి నుంచీ తిట్టిన తిట్లూ, పాడిన పాటలూ, పెట్టిన ఏడుపులూ అన్నీ ఈ చిటికెన వేలంత దారిలోంచే వచ్చాయా అని. ఇంత పలచని గోడకి అటువైపు మా చావు ఉంది, ఇటువైపు ఆవిడ బతుకు ఉంది. దండం పెట్టుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

కావాల్సినంత ఆక్సిజన్ పట్టించారు. దగ్గు రాకుండా మందిచ్చారు. కత్తికి దాని బుడగ తెగకుండా పాత గొట్టాన్ని కొంచెం లోపలికి తోశారు. అప్పుడు మిషన్ ఆగింది.

ఆ మిషన్ చప్పుడు నెలల తరబడి విని విని, ఉందన్న సంగతే మర్చిపోయాం. ఆగాక తెలిసింది అదెంత పెద్దదో. ఆవిడ ఛాతీ చివరిసారి దిగింది. మళ్ళీ లేవలేదు. స్టాండు మీద రెండు దెబ్బలు. ట్రే మీద రెండు దెబ్బలు. సర్జన్ గారు కోశారు.

ఫుస్సుమనలేదు. తుంపర లేదు. చిన్న నల్లటి చీలిక తెరుచుకుంది, అంతే. పాతికేళ్ళలో నేను మొదటిసారి చూశాను, ఊపిరి లేని గాలిగొట్టాన్ని, ఇంకా బతికి ఉన్న మనిషిలో. గుండె కొట్టుకుంటున్నట్టు మానిటర్ చెబుతోంది. ఒంట్లో ఇంకేదీ కదలడం లేదు.

కొత్త గొట్టం అందించాను. అది దిగలేదు. లోపలికి తోసిన పాత గొట్టం ఇంకా కన్నానికి అడ్డంగా ఉంది, పైకి లాగాలి. దానికి మేం దెబ్బలు అనుకోలేదు. సర్జన్ గారు "పైకి" అన్నారు, ఆ మాట ఆయన షీల్డు దాటలేదు. మానిటర్ స్వరం ఒక మెట్టు దిగింది. ఆక్సిజన్ పడిపోతున్నకొద్దీ అది అలా లోతుకి దిగుతుంది. ఇంకో మెట్టు దిగింది. లోపల గట్టిగా మాట్లాడకూడదని రూలు పెట్టిందే నేను. "పైకి లాగండీ!" అని రెండు మాస్కుల లోంచి ఎలా అరిచానో నాకే తెలియదు. అటునుంచి ఆయ్ రాలేదు. స్టాండు మీద రెండు దెబ్బలు వచ్చాయి. చీలికలో పాత గొట్టం చివర మెల్లగా పైకి జరిగి తప్పుకుంది. కొత్తది దిగింది. సిరంజితో బుడగ ఉబ్బించాను, మిషన్ గొట్టం తగిలించాను. ట్రే మీద రెండు, స్టాండు మీద రెండు. మిషన్ ఊదింది.

ఛాతీ లేచింది. మానిటర్ మీద ఆక్సిజన్ అంకె మాత్రం ఇంకా పడుతూనే ఉంది. వేలికి పెట్టిన మీటరు ఎప్పుడూ కొంచెం వెనకబడే చూపిస్తుందని నాకు తెలుసు, అయినా తెలియనిదానిలా దాని వంకే చూస్తూ నిలబడ్డాను. ఆగింది. ఒకటి పెరిగింది. ఇంకొకటి పెరిగింది. నాకు ఏడుపొచ్చింది. కిట్టులో ఏడిస్తే అద్దాలు మసకేస్తాయి, ఇంకా గొట్టానికి కుట్లు వేయాల్సి ఉంది, అందుకని ఏడవలేదు.

తరవాతి రోజులు మా ముగ్గురికీ ఎలా గడిచాయో చెప్పను. పొద్దున లేవగానే గొంతులో గరగర ఉందేమోనని గుటక వేసి చూసుకునేదాన్ని. ఎవరికీ ఏమీ కాలేదు. పరీక్షలు బాగానే వచ్చాయి. టైలరమ్మ మెల్లగా కళ్ళు తెరిచింది. ఒకరోజు మిషన్ లేకుండా గంటసేపు ఉంది, ఇంకోరోజు పూటంతా ఉంది. చివరికి మెడలో గొట్టం కూడా తీసేశాం. ఆ కన్నానికి కుట్టు వేయరు. రోజూ దూది మార్చి శుభ్రం చేస్తుంటే ఆ చోటు తనంతట తానే దగ్గరికి వస్తుంది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ కాపలా కాయకుండా, మేం అంత భయపడి తెరిచినదాన్ని ఆవిడ ఒళ్ళు రోజుకి కాస్త చొప్పున మూసుకుంటూ పోయింది.

దూది మారుస్తూ ఒక మధ్యాహ్నం ఆవిడకి ఆ రోజు జరిగినదంతా చెప్పాను. కన్నం మీది దూదిని వేలితో నొక్కిపెట్టుకుంటే గానీ అప్పటికి మాట బయటికి రాదు. అలా నొక్కిపెట్టుకుని వింది.

"అయితే అప్పుడు నేను ఊపిరి తీయలేదా వదినా?"

"లేదు వదినా."

"మిషనూ తీయలేదా?"

"లేదు. ఆపేశాం."

కాసేపు కిటికీ వంక చూసింది. తరవాత మళ్ళీ దూది మీద వేలు పెట్టుకుంది.

"మరి ఆ కాసేపూ నేనెక్కడున్నాను?"

చేతిలో దూది పక్కన పెట్టి ఆవిడ మంచం మీదే కూర్చుండిపోయాను. ఆవిడ ఛాతీ లేస్తోంది, దిగుతోంది, మళ్ళీ లేస్తోంది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.